వ్యాపించిన జీర్ణాశయ క్యాన్సరు: నూతన చికిత్సా పరిశోధనలు

క్యాన్సరు అనే లాటిను మాటకు ఎండ్రకాయ అని అర్థం. ఉర్దూలో ఈ వ్యాధికి సర్తాన్ అని పేరు. అరబ్బీ నుండి వచ్చిన ఆ పదానికీ అర్థం ఎండ్రకాయే. మన పంచాంగంలోని కర్కాటక రాశి కూడ ఆ ప్రాణి పేరే. తెలుగు పెద్దలు మాత్రం దీనిని రాచపుండు అన్నారు. కణితి చుట్టూ ఉబ్బిన నరాలు ఎండ్రకాయ కాళ్లవలె కనిపించుటచే ప్రాచీన గ్రీకు వైద్యులు ఆ పోలిక చెప్పినారు. నేటి వైద్యశాస్త్రాన్ని వేధిస్తున్నవి ఆ కంటికి కనిపించే కాళ్లు కావు. కణితి నుండి విడివడి, ఎవరికీ తెలియకుండ శరీరమంతా ప్రయాణం చేసే కణాలు. జీర్ణాశయంలో, అనగా మనం వాడుకలో కడుపు అని పిలిచే అవయవంలో పుట్టిన క్యాన్సరు ఈ విధంగా ఇతర అవయవాలకు వ్యాపించిన తరువాత వైద్యులు ఏమి చేయగలుగుతున్నారు, పరిశోధకులు ఏమి సాధించినారు, ఆ సాధించినదాని విలువ ఎంత అనే విషయాలను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అంతర్జాతీయ లెక్కల ప్రకారం 2022వ సంవత్సరంలో ప్రపంచంలో సుమారు 9,68,000 మందికి జీర్ణాశయ క్యాన్సరు కొత్తగా బయటపడినది. సుమారు 6,60,000 మంది దీనివల్ల మరణించినారు. క్యాన్సర్లన్నిటిలో వ్యాధిగ్రస్తుల సంఖ్యలోను, మరణాల సంఖ్యలోను దీనిది ఐదవ స్థానం. జపాను, కొరియా, చైనా, మంగోలియా దేశాలలో ఇది అధికం. మన దేశంలో మిజోరాంలో మిక్కిలి ఎక్కువగాను, ఉత్తరాదికన్న దక్షిణాదిన కొంత ఎక్కువగాను కనిపిస్తున్నది. దీనికి ప్రధాన కారణాలలో ఒకటైన హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవిని 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే వైద్యులు పెంచి చూపినారు. కడుపులోని ఆమ్లంలో ఏ సూక్ష్మజీవీ బ్రతకలేదని అంతవరకు అందరూ నమ్మినారు. తమ మాట నమ్మనివారికి నిదర్శనంగా మార్షల్ 1984లో ఆ సూక్ష్మజీవులను తానే త్రాగి జబ్బు తెచ్చుకొన్నాడు! వారికి 2005లో నోబెల్ బహుమతి లభించినది. నివారణ అనేది వేరొక వ్యాసానికి తగిన విషయం గనుక దానిని ఇక్కడ విడిచిపెడుతున్నాను.

ఈ వ్యాధి ఆలస్యంగా బయటపడడానికి కారణం సులభంగా ఊహింపవచ్చు. జీర్ణాశయం సాగే స్వభావం గల సంచి. అందులో చిన్న కణితి పుట్టినా దారి మూసుకొనిపోదు. మొదట కనిపించేవి అజీర్ణం, కొద్దిపాటి నొప్పి, త్వరగా కడుపు నిండినట్లుండుట, ఆకలి మందగించుట. వీటిని గ్యాసు అనుకొని ఏదో ఒక చూర్ణమో మాత్రో మింగి ఊరుకొనేవారు మన ఇండ్లలో ఎందరు లేరు? ఈలోగా కణితి జీర్ణాశయపు గోడలోని పొరలను ఒకదాని తరువాత ఒకటిగా దాటుతుంది. అక్కడినుండి దానికి మూడు మార్గాలు. శోషరస నాళాల ద్వారా శోషరస గ్రంథులకు చేరడం మొదటిది. జీర్ణాశయం నుండి పోయే రక్తం నేరుగా కాలేయానికే పోతుంది గనుక రక్తం వెంట కాలేయాన్ని చేరడం రెండవది. గోడను పూర్తిగా చీల్చుకొని బయటపడి, పేగులను కప్పి ఉంచే పెరిటోనియం అనే పలుచని పొరమీద విత్తనాలవలె చెదరిపడడం మూడవది. విత్తనాల పోలిక నాది కాదు. ఇంగ్లండుకు చెందిన స్టీఫెన్ పేజెట్ 1889లోనే, క్యాన్సరు కణాలు విత్తనాల వంటివనీ, అవి అన్ని దిక్కులకూ పోయినా తమకు అనువైన నేలలో మాత్రమే మొలుస్తవనీ సిద్ధాంతీకరించినాడు. సేద్యం తెలిసిన మనవంటి వారికి ఇది వెంటనే బోధపడే మాట.

శస్త్రచికిత్స హద్దు

జీర్ణాశయ క్యాన్సరును కత్తితో కోసి తొలగించడం మొదటిసారి ఫలించినది వియన్నా నగరంలో. 1879లో పారిస్‌లో పియాన్, 1880లో రిడిగియర్ అనే శస్త్రవైద్యులు ప్రయత్నించినారు గాని రోగులు బ్రతకలేదు. 1881 జనవరి 29న థియోడోర్ బిల్‌రోత్ నలుబది మూడేండ్ల స్త్రీకి శస్త్రచికిత్స చేసి, కణితితో కూడిన జీర్ణాశయపు క్రింది భాగాన్ని తొలగించి, మిగిలిన భాగాన్ని చిన్న ప్రేగుకు కలిపి కుట్టినాడు. ఆమె కోలుకొన్నది. ఆహారం తీసుకొన్నది. ఇల్లు చేరినది. వైద్యలోకం ఆశ్చర్యపోయినది. అయితే సుమారు నాలుగు నెలలకే ఆమె మరణించినది. మరణానంతరం పరీక్షించి చూడగా బిల్‌రోత్ వేసిన కుట్టు చక్కగా అతుక్కొని ఉన్నది. క్యాన్సరు మాత్రం అప్పటికే ఇతర భాగాలకు వ్యాపించి ఉన్నది. ఆమె జీర్ణాశయపు భాగాన్ని వియన్నాలోని వైద్య చరిత్ర ప్రదర్శనశాలలో భద్రపరచినారు. శస్త్రవైద్యుని పనిలో లోపం లేదు. వ్యాధి ఆయన కత్తి చేరని చోటికి పోయినది.

అయినా కణితిలో ఎక్కువ భాగాన్ని తొలగిస్తే మిగిలినదానిని మందులు సులభంగా అణచగలవు గదా అనే ఆలోచన వైద్యులను చాలాకాలం విడువలేదు. ఇది వినడానికి సమంజసంగానే ఉన్నది. దీనిని తేల్చుటకు జపాను, దక్షిణ కొరియా, సింగపూరు దేశాల వైద్యులు 175 మంది రోగులను రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి శస్త్రచికిత్స, ఆపై మందులు, రెండవ వర్గానికి కేవలం మందులు ఇచ్చినారు. రెగట్టా అనే పేరుగల ఈ పరిశోధన ఫలితాలు 2016లో ప్రకటింపబడినవి. శస్త్రచికిత్స చేసిన వర్గం ఎక్కువకాలం జీవింపలేదు. వారి మధ్యగత జీవితకాలం 14.3 నెలలు, కేవలం మందులు తీసుకొన్నవారిది 16.6 నెలలు; శస్త్రచికిత్సవల్ల లాభమున్నదని చెప్పుటకు ఆ పరిశోధనలో ఆధారం దొరకలేదు. బిల్‌రోత్ నాటినుండి నూట ముప్పది అయిదు సంవత్సరాల తరువాత, వ్యాపించిన వ్యాధికి కత్తి ముఖ్యమైన ఆయుధం కాదని ఈ విధంగా రూఢి అయినది. రక్తస్రావాన్ని ఆపుటకో, మూసుకొనిపోయిన దారిని తెరచుటకో శస్త్రచికిత్స అవసరపడడం వేరు సంగతి.

మోసగించే అణువులు

కనుక వ్యాపించిన కణాలను వెదకి పట్టుకొనుటకు రక్తంతో పాటు ప్రయాణం చేసే మందులు కావలసివచ్చినవి. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ హైడెల్‌బర్గర్ 1957లో అటువంటి ఒక మందును ప్రకటించినాడు. ఎలుకల కాలేయంలోని కణితులు యురాసిల్ అనే పదార్థాన్ని సాధారణ కణజాలం కన్న ఎక్కువగా గ్రహిస్తవని అప్పటికే తెలిసి ఉన్నది. యురాసిల్ అణువులో ఒక హైడ్రోజన్ పరమాణువును తొలగించి ఆ స్థానంలో ఫ్లోరిన్ పరమాణువును ఉంచితే, కణం దానిని తన ఆహారమే అనుకొని లోపలికి తీసుకొంటుంది. తీసుకొన్న తరువాత, డి.ఎన్.ఏ. తయారీకి అవసరమైన ఒక ఎంజైము ఈ నకిలీ అణువుకు అతుక్కొని పనిచేయడం మానివేస్తుంది. ఈ మందు పేరు ఫ్లోరోయురాసిల్. నేటికీ జీర్ణాశయ క్యాన్సరు చికిత్సకు ఇదే పునాది. 1965లో మిచిగన్ రాష్ట్రంలో బార్నెట్ రోజెన్‌బర్గ్ విద్యుత్తు ప్రభావాన్ని సూక్ష్మజీవులపై పరీక్షిస్తుండగా, ప్లాటినం తీగల నుండి పుట్టిన సంయోగ పదార్థం వాటి విభజనను నిలిపివేయడం గమనించినాడు. సిస్‌ప్లాటిన్, దాని తరువాత ఆక్సాలిప్లాటిన్ అనే మందులు ఆ దారిలో వచ్చినవే.

ఇక్కడ తెలుగువారు తప్పక గుర్తింపవలసిన సంగతి ఒకటి ఉన్నది. ఫ్లోరోయురాసిల్‌తో పాటు ఫోలినిక్ ఆమ్లం అనే పదార్థాన్ని కూడ రోగికి ఇస్తారు. అది నకిలీ అణువును ఎంజైముకు మరింత గట్టిగా బంధించి ఉంచుతుంది. ఈ ఫోలినిక్ ఆమ్లం ఫోలిక్ ఆమ్లం కుటుంబానికి చెందినది. ఫోలిక్ ఆమ్లాన్ని 1940లలో ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ సంస్థ పరిశోధక బృందానికి నాయకుడు 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ ఆమ్లానికి నకిలీ రూపమైన అమినోప్టెరిన్‌తో 1948లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ పసిపిల్లల రక్త క్యాన్సరును తాత్కాలికంగానైనా వెనుకకు మళ్లించినాడు. నకిలీ ఆహారంతో క్యాన్సరు కణాన్ని మోసగించవచ్చుననే భావానికి ఆ విధంగా బలం చేకూరినది. నేడు ఏ ఆసుపత్రిలోనైనా జీర్ణాశయ క్యాన్సరు రోగికి ఫోలినిక్ ఆమ్లం, ఫ్లోరోయురాసిల్, ఆక్సాలిప్లాటిన్ కలిపి ఎక్కిస్తున్నప్పుడు ఆ సీసాలలో మన భీమవరం వాని శ్రమ కూడ కొంత ఉన్నదనడం అతిశయోక్తి కాదు.

ఈ మందుల ఫలితమేమి? వ్యాపించిన వ్యాధికి ఏ మందూ ఇవ్వక కేవలం ఉపశమనం కలిగించినప్పుడు మధ్యగత జీవితకాలం మూడు నాలుగు నెలలు మాత్రమే. మందులు ఇచ్చినప్పుడు అది పది నెలల దరిదాపులకు పెరుగుతుందని 1990లలో జరిగిన పరిశోధనలు చూపినవి. అక్కడ చాలా సంవత్సరాలు ఆగిపోయినది.

మధ్యగతం అనగా నేమి?

ఈ మాటను ఇదివరకే వాడినాను గనుక ముందుకు పోకముందు దీనిని వివరించడం అవసరం. పత్రికలలో 'కొత్త మందు, మూడు నెలలు అదనపు ఆయుష్షు' అని చదివినప్పుడు, ప్రతి రోగికీ సరిగా మూడు నెలలు కలిసివచ్చినవని సామాన్య పాఠకుడు అనుకొంటాడు. అది కాదు. తొంబది తొమ్మిది మంది రోగులను వారు జీవించిన కాలాన్ని బట్టి వరుసగా నిలబెడితే, యాబదియవ వ్యక్తి జీవించిన కాలమే మధ్యగతం. అతనికి ముందున్న నలుబది తొమ్మిది మంది అంతకన్న తక్కువ కాలం, వెనుకనున్న నలుబది తొమ్మిది మంది అంతకన్న ఎక్కువ కాలం జీవించినారు. చివరనున్నవారు ఎంత ఎక్కువకాలం జీవించినారో ఆ ఒక్క సంఖ్య చెప్పదు. గణితం చదివే విద్యార్థులకు ఇది పాత పాఠమే. కాని ఆసుపత్రి వరండాలో నిలబడి 'డాక్టరుగారు పది నెలలే అన్నారు' అని ఏడ్చే కుటుంబానికి ఇది ఎవరూ చెప్పని పాఠం.

దీనికి మంచి ఉదాహరణ జపాను, కొరియా, తైవాన్‌లలో నివొలుమాబ్ అనే మందుపై జరిగి 2017లో ప్రకటింపబడిన పరిశోధన. అప్పటికే రెండు మూడు రకాల చికిత్సలు విఫలమైన 493 మంది ఇందులో పాల్గొన్నారు. కొందరికి మందు, కొందరికి మందు లేని ద్రవం ఇచ్చినారు. ఎవరికి ఏది అనేది చీటీలు వేసినట్లు నిర్ణయింపబడినది. మధ్యగతాలు 5.26 నెలలు, 4.14 నెలలు. తేడా ఒక నెలకు కొంచెమే ఎక్కువ. ఈ సంఖ్యను మాత్రమే చూచినవాడు పెదవి విరుస్తాడు. కాని ఒక సంవత్సరం గడచిన తరువాత జీవించి ఉన్నవారు ఎందరని లెక్కిస్తే, మందు లేనివారిలో 10.9 శాతం, మందు పొందినవారిలో 26.2 శాతం! అనగా ఎక్కువమందికి ఆ మందు వల్ల ప్రయోజనం స్వల్పం లేక శూన్యం. కొద్దిమందికి మాత్రం గొప్ప ప్రయోజనం. ఆ కొద్దిమంది ఎవరో ముందుగా గుర్తించడం ఎట్లు? గత పదునైదు సంవత్సరాల పరిశోధనలకు మూలమైన ప్రశ్న ఇదే.

ముందు పరీక్ష, తరువాత మందు

కొన్ని కణితులలో కణాల ఉపరితలం మీద హెర్-2 అనే ప్రోటీను మితిమీరి ఉంటుంది. పెరుగుము, విభజన చెందుము అనే ఆజ్ఞను అది ఎడతెగకుండ లోపలికి పంపుతుంది. రొమ్ము క్యాన్సరులో దీనిని అడ్డగించే ట్రాస్టుజుమాబ్ అనే ప్రతిరక్షకం 1998లోనే వాడుకలోకి వచ్చినది. దానిని జీర్ణాశయ క్యాన్సరులో పరీక్షించిన టోగా పరిశోధన 24 దేశాలలో జరిగినది. మొదట మూడున్నర వేలకు పైగా రోగుల కణితులను పరీక్షించి, హెర్-2 అధికంగా ఉన్న సుమారు 22 శాతం మందిని వేరు చేసినారు. వారిలో 584 మంది ఫలితాలు 2010లో వెలువడినవి. సాధారణ మందులు మాత్రమే పొందినవారి మధ్యగతం 11.1 నెలలు, ట్రాస్టుజుమాబ్ కూడ పొందినవారిది 13.8 నెలలు. ఆ ప్రోటీను మరీ ఎక్కువగా ఉన్నవారిలో తేడా ఇంకను పెద్దది. పరీక్షించకుండ అందరికీ ఇచ్చి ఉంటే ఆ తేడా మిగిలిన 78 శాతం మందిలో కలిసిపోయి కనిపించేదే కాదు.

విజయాలు మాత్రమే చెప్పి వైఫల్యాలను దాచడం శాస్త్రధర్మం కాదు. కణితికి రక్తనాళాలు పెరగకుండ అడ్డుకొనే బెవాసిజుమాబ్ 2011లో ప్రకటింపబడిన పరిశోధనలో జీవితకాలాన్ని పొడిగించినట్లు నిరూపించలేకపోయినది. సెటుక్సిమాబ్, పానిటుముమాబ్ అనే మందులు 2013లో విఫలమైనవి. రెండవదానిని పొందినవారు పొందనివారికన్న తక్కువకాలం జీవించినారు. అదే రక్తనాళాల మార్గాన్ని మరొక చోట అడ్డగించే రాముసిరుమాబ్ మాత్రం 2014లో ఫలించి, మొదటి చికిత్స విఫలమైనవారికి పాక్లిటాక్సెల్‌తో కలిపి ఇచ్చినప్పుడు మధ్యగతాన్ని 7.4 నుండి 9.6 నెలలకు పెంచినది.

అన్నిటికన్న పాఠం నేర్పిన వైఫల్యం మరొకటి. హెర్-2ను గుర్తించే ప్రతిరక్షకానికి విషపదార్థాన్ని కట్టి పంపితే అది గురి తప్పక క్యాన్సరు కణాన్నే చంపవలెను గదా? రొమ్ము క్యాన్సరులో విజయం పొందిన అటువంటి మందు ఒకటి 2017లో జీర్ణాశయ క్యాన్సరులో సాధారణ మందుకన్న ఏమాత్రం మెరుగని చూపలేకపోయినది. దీనికి కారణమని పరిశోధకులు భావించినది ఏమనగా, జీర్ణాశయపు కణితిలో హెర్-2 అంతటా ఒకే విధంగా ఉండదు. చేనులో అక్కడక్కడ వేరు జాతి మొక్కలు మొలచినట్లు, ఒకే కణితిలో ఈ ప్రోటీను ఉన్న కణాల ప్రక్కనే లేని కణాలుంటవి. ఆ మందులోని విషం తాను చేరిన కణాన్ని చంపి అక్కడే ఆగిపోతుంది. ప్రక్క కణం క్షేమంగా ఉంటుంది.

జపానులో తయారైన ట్రాస్టుజుమాబ్ డెరుక్స్‌టెకాన్ ఈ చిక్కును విప్పినది. దానిలో ఒక్కొక్క ప్రతిరక్షకం సుమారు ఎనిమిది విషపు అణువులను మోసుకొనిపోతుంది. పైగా ఆ విషం కణపు పొరను దాటగలదు గనుక, చచ్చిన కణం నుండి బయటపడి ఇరుగుపొరుగు కణాలను కూడ చంపుతుంది. జపాను, కొరియాలలో 187 మందిపై జరిగి 2020లో ప్రకటింపబడిన పరిశోధనలో కణితి గణనీయంగా కుంచించుకొనిపోయినవారు 51 శాతం. పాత మందులతో 14 శాతం. మధ్యగతం 8.4 నెలల నుండి 12.5 నెలలకు పెరిగినది. 2025లో వెలువడిన మరింత పెద్ద పరిశోధనలో, రెండవ దశ చికిత్సగా రాముసిరుమాబ్, పాక్లిటాక్సెల్‌లతో పోల్చినప్పుడు 11.4 నెలలకు బదులు 14.7 నెలలు లభించినవి. అయితే ఈ మందు కొందరి ఊపిరితిత్తులలో వాపు కలిగిస్తుంది. దానిని వెంటనే గుర్తింపకపోతే ప్రాణాపాయం. చికిత్స పొందుచున్నవారికి కొత్తగా దగ్గు, ఆయాసం వస్తే జలుబని ఊరుకొనరాదు.

ఈలోగా 2014లో అమెరికా పరిశోధకులు 295 కణితుల జన్యువులను క్షుణ్ణంగా పరిశీలించి, జీర్ణాశయ క్యాన్సరు నాలుగు తెగలని తేల్చినారు. ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్ సంబంధం గలవి సుమారు 9 శాతం. డి.ఎన్.ఏ. లోని తప్పులను దిద్దే యంత్రాంగం చెడినవి 22 శాతం. జన్యువులలో పెద్ద మార్పులు లేక చెల్లాచెదరుగా పాకేవి 20 శాతం. క్రోమోజోములు తారుమారైనవి 50 శాతం. పేరు ఒకటే గాని వ్యాధులు నాలుగు. ఒకే మందు నలుగురికీ పనిచేయకపోవడంలో వింత లేదు.

రెండవ తెగవారి మీద రోగనిరోధక వ్యవస్థను మేల్కొలిపే మందులు చక్కగా పనిచేస్తవి. మన శరీరంలోని టి-కణాలు శత్రువును చంపగలవు. కాని తమ కణాలనే చంపుకొనకుండ వాటికి పి.డి.-1 అనే కళ్లెం ఉన్నది. క్యాన్సరు కణం ఆ కళ్లెం పట్టి లాగి టి-కణాన్ని నిలిపివేస్తుంది. ఈ ప్రోటీనును 1992లో క్యోటోలో కనుగొన్న తసుకు హోంజో, అటువంటి మరొక కళ్లెంపై కృషి చేసిన జేమ్స్ ఆలిసన్ 2018లో నోబెల్ బహుమతిని పంచుకొన్నారు. పైన చెప్పిన నివొలుమాబ్ ఈ కళ్లెం తొలగించే మందే. 1,581 మందిపై దీనిని మొదటి చికిత్సతో కలిపి పరీక్షింపగా, సంబంధిత ప్రోటీను తగినంత ఉన్నవారిలో మధ్యగతం 11.1 నుండి 14.4 నెలలకు పెరిగినట్లు 2021లో తేలినది. ఆ ప్రోటీను లేనివారికి లాభం కన్న నష్టమే ఎక్కువని 2024 సెప్టెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ శాఖ సలహా సంఘం అభిప్రాయపడినది. ఇక్కడ కూడ ముందు పరీక్ష, తరువాతనే మందు.

క్లాడిన్ 18.2 కథ మరింత ఆసక్తికరం. జీర్ణాశయపు లోపలి పొరలోని కణాలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కొని ఉండుటకు తోడ్పడే ప్రోటీను ఇది. ఆరోగ్యవంతమైన కణజాలంలో ఇది కణాల మధ్య అతుకులలో దాగి ఉండి ప్రతిరక్షకాలకు సులభంగా చిక్కదు. క్యాన్సరు వచ్చినప్పుడు కణాల అమరిక చెదరి ఇది బయటపడుతుంది. ఇటుకల గోడ కూలినప్పుడు లోపలి సున్నం కనిపించినట్లన్నమాట. దీనిని గురిగా ఎంచుకొన్నవారు జర్మనీలోని మైంజ్ నగరంలో పనిచేసిన టర్కీ సంతతి దంపతులు ఉగుర్ షాహిన్, ఓజ్లెం ట్యురెజి. కోవిడ్ టీకాతో తరువాత ప్రపంచ ప్రసిద్ధి పొందినది ఈ దంపతులే. వారు 2001లో స్థాపించిన సంస్థలో మొదలైన జోల్బెటుక్సిమాబ్ అనే ప్రతిరక్షకం 2023లో గాని తుది పరీక్ష నెగ్గలేదు. హెర్-2 లేని రోగులలో సుమారు 38 శాతం మందికి క్లాడిన్ అధికంగా ఉన్నట్లు తేలినది. అట్టివారిలో మధ్యగతం 15.54 నుండి 18.23 నెలలకు పెరిగినది. 2024 మార్చిలో జపాను, అక్టోబరులో అమెరికా దీనిని అనుమతించినవి. ఆరోగ్యకరమైన జీర్ణాశయంలో కూడ అదే ప్రోటీను ఉన్నది గనుక వాంతులు, వికారం దీనితో సామాన్యం.

అదే క్లాడిన్‌ను గుర్తించేటట్లు రోగి టి-కణాలనే బయటికి తీసి, జన్యువులను మార్చి, తిరిగి ఎక్కించే పద్ధతిని చైనా పరిశోధకులు పరీక్షించినారు. రక్త క్యాన్సర్లలో విజయం పొందిన ఈ విధానం గట్టి కణితులపై యాదృచ్ఛిక విభజనతో జరిగిన పరిశోధనలో నెగ్గినట్లు 2025లో ప్రకటింపబడినది. ఇతర చికిత్సలు విఫలమైన 156 మందిలో వ్యాధి ముదరకుండ నిలిచిన కాలం 1.77 నెలల నుండి 3.25 నెలలకు పెరిగినది. సంఖ్య చిన్నదే. మార్గం కొత్తది.

పెరిటోనియం మీద చెదరిన వ్యాధి మాత్రం నేటికీ మొండిదే. రక్తంలోని మందు ఆ పొరకు తగినంత చేరదు. అందుచేత పాక్లిటాక్సెల్‌ను ఉదరకుహరంలోకే నేరుగా పంపే పద్ధతిని జపానువారు పరీక్షింపగా 2018లో వచ్చిన ఫలితం ఆశాజనకంగా కనిపించినా గణాంకశాస్త్రపు కొలతకు అందలేదు. చైనాలో ఇటువంటి పద్ధతిపైనే జరిగి 2025లో వెల్లడియైన ఫలితాలలో మధ్యగతం 13.9 నెలల నుండి 19.4 నెలలకు పెరిగినది.

మన రోగికి అందవలసినది

ఇంత చదివిన పాఠకునికి ఒక అనుమానం కలుగవచ్చు: వియన్నాలో, క్యోటోలో, మైంజ్‌లో జరిగినది మనకేమి లాభం? పాత మందులైన ఫ్లోరోయురాసిల్, ఆక్సాలిప్లాటిన్ మన దేశంలోనే తయారవుతున్నవి. అవి సామాన్యునికి అందుబాటులో ఉన్నవే. ట్రాస్టుజుమాబ్‌ను పోలిన దేశీయ ఔషధానికి 2013లో అనుమతి లభించినది. ట్రాస్టుజుమాబ్ డెరుక్స్‌టెకాన్‌తో సహా మూడు క్యాన్సరు మందులపై దిగుమతి సుంకాన్ని 2024 జూలై బడ్జెటులో కేంద్ర ప్రభుత్వం పూర్తిగా రద్దు చేసినది. సుంకం పోయినంత మాత్రాన ఆ మందు కూలిపని చేసుకొనేవాని చేతికి వచ్చిందని ఎవరూ అనలేరు. హైదరాబాదులో 1955 నుండి పనిచేస్తూ మెహదీ నవాజ్ జంగ్ పేరు ధరించిన ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రి వంటి చోట్లకు వచ్చే రోగులలో అధికులు అట్టివారే. నొప్పి తగ్గించుట, ఆహారం లోపలికి పోయేటట్లు చూచుట, వాంతులను అదుపులో ఉంచుట చికిత్స విఫలమైన తరువాత చేసే పనులు కావు. మొదటి రోజునుండే చికిత్సలో భాగాలు. బరువు కోల్పోయి నీరసించిన రోగి ఎంత మంచి మందునైనా తట్టుకొనలేడు. మార్ఫిన్ అంటే మన కుటుంబాలలో ఇంకను భయం ఉన్నది. క్యాన్సరు నొప్పికి దానిని క్రమపద్ధతిలో వాడవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే సూచించినది.

ఖరీదైన మందు అందినా అందకపోయినా, పరీక్ష మాత్రం ముందుగా జరుగవలెను. ఎండోస్కోపు ద్వారా కణితి నుండి తీసిన గింజంత ముక్కలను మైనంలో పోసి దిమ్మగా చేసి ఆసుపత్రి ప్రయోగశాలలో ఉంచుతారు. హెర్-2, డి.ఎన్.ఏ. తప్పులు దిద్దే ప్రోటీన్లు, పి.డి.-ఎల్1, క్లాడిన్ 18.2 అనే నాలుగింటిని ఆ ఒక్క దిమ్మ నుండే పలుచని పొరలు కోసి రంగు వేసి చూడవచ్చును. డి.ఎన్.ఏ. యంత్రాంగం చెడిన కణితి అని తేలితే చికిత్స మార్గమే మారిపోతుంది. దిమ్మ సంవత్సరాల తరబడి చెడదు గనుక, ఒక ఊరి నుండి మరొక ఊరి ఆసుపత్రికి మారే కుటుంబం పాత చీటీలతో పాటు దానిని కూడ అడిగి తీసుకొనిపోవచ్చును. ముక్కలు మరీ చిన్నవైతే, తక్కువ చోట్ల నుండి తీసినవైతే, హెర్-2 ఉన్న భాగం తప్పిపోయి లేదని ఫలితం రావచ్చు. అందుచేతనే కణితిలో ఐదారు చోట్ల నుండి ముక్కలు తీయవలెనని నిపుణులు చెబుతారు. ట్రాస్టుజుమాబ్ పొందిన తరువాత కొందరి కణితులలో హెర్-2 మాయమవుతుంది. 2025 నాటి పరిశోధనలో అందుకే మొదటి చికిత్స విఫలమైన తరువాత మరల ముక్క తీసి, హెర్-2 ఇంకను ఉన్నదని నిర్ధారించిన తరువాతనే రోగులను చేర్చుకొన్నారు.